ఆదివారం ఊరెళ్తే చాలు తలనొప్పి.. టీ వల్లేనా?

అచ్చంపేట_కుర్రాడు:

అందరికీ నమస్కారం. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాను. వయసు 26. పొద్దున అయిదున్నరకి మొదటి టీ. ఇక చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటే గంటన్నరకోసారి బయటికొచ్చి ఇంకోటి. రోజుకి ఎనిమిదవుతాయి. రాత్రి రూమ్‌లో తొమ్మిదికొకటి, పదకొండుకొకటి ఇన్‌స్టంట్ కాఫీ.

నెలకి రెండు ఆదివారాలు ఊరెళ్తాను. అక్కడ అమ్మ ఇచ్చే పాలెక్కువ టీ ఒక్కటే. మధ్యాహ్నం అన్నం తినేసరికి కళ్ల వెనక నొప్పి మొదలవుతుంది, సాయంత్రానికి తల పగిలిపోతుంది. ఎవరు పలకరించినా చిరాకు. దిష్టి తగిలిందని అమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తుంది. సోమవారం లైబ్రరీ ముందు టీ తాగిన అరగంటకి ఏమీ లేనట్టు పోతుంది. కళ్లు పరీక్ష చేయించాను, చూపు బాగానే ఉంది.

ఇంకో బాధ. రాత్రి పన్నెండున్నరకి పడుకుంటే రెండు దాటేదాకా నిద్ర రాదు, గుండె దడదడలాడుతుంది. పరీక్షకి పదకొండు వారాలుంది. టీ ఒక్కసారిగా మానేయాలా? మానేస్తే చదువు సాగదేమోనని టెన్షన్.

కృష్ణాతీరం:

తమ్ముడూ, అయ్యప్ప మాల వేసుకున్న ఏడాది నేను టీ కూడా వదిలేశాను. రెండో రోజు పూజలో తల ఎత్తలేకపోయాను. అయిదో రోజుకి తేలికపడింది. మానేయొచ్చు, భయం లేదు. పరీక్ష దగ్గర పడ్డాక మాత్రం ఆ పని పెట్టుకోకు.

రాత్రిడ్యూటీ_సిస్టర్:

తమ్ముడూ, నేను నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఐసీయూలో స్టాఫ్ నర్సుని, పద్నాలుగేళ్లుగా. నువ్వు టీ, కాఫీల్లో తాగే కెఫీన్‌నే నేను కిలోన్నర కూడా తూగని పసివాళ్లకి మందుగా ఇస్తాను. వాళ్లు ఉండుండి ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు. మానిటర్ మోగుతుంది, పరుగెత్తి అరికాలు తట్టాలి. కెఫీన్ సిట్రేట్ మొదలుపెట్టాక మెదడులో ఊపిరిని నడిపించే చోటు చురుకవుతుంది, ఆ మోతలు తగ్గుతాయి. అది కళ్లారా చూసినదాన్ని కాబట్టి కాఫీని నేను తేలిగ్గా తీసుకోలేను. ఆ పిల్లల ఒంట్లో కెఫీన్ సగమవడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. పెద్దవాళ్లకి సుమారు అయిదు గంటలు. అంటే నువ్వు పదకొండుకి తాగిన కాఫీలో సగం తెల్లవారుజామున నాలుగింటికీ నీలోనే ఉంటుంది.

అది ఏం చేస్తుందో చెప్తాను. మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పెరుగుతుంది. అది తన సీట్లలో కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, కెఫీన్ వెళ్లి ఆ సీట్లు ఆపేస్తుంది. ఎడినోసిన్ ఎక్కడికీ పోదు, నిలబడే ఉంటుంది. అలసట తగ్గదు, తెలియకుండా ఉంటుందంతే. రోజూ ఇలాగే జరిగితే మెదడు సీట్లు పెంచుకుంటుంది. ఆదివారం కర్చీఫులు రావు. ఎడినోసిన్ మొత్తం ఒక్కసారి కూర్చుంటుంది, తలలో రక్తనాళాలు వెడల్పవుతాయి. నీ నొప్పి అదే. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది. శనివారం రాత్రి పదకొండు నుంచి లెక్కపెట్టుకో, సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు నీ లెక్క. టీకి 30 మిల్లీగ్రాములు వేసుకున్నా ఎనిమిదికి 240. ఇన్‌స్టంట్ కాఫీకి 60 చొప్పున రెండింటికి 120. మొత్తం 360. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 300 దాటొద్దంటోంది. ఆదివారం నీకందేది 30.

ఒక్కసారిగా మానకు. ముందు రాత్రి కాఫీలు రెండూ తీసెయ్, పదకొండుది మొదట. తరవాత మూడు రోజులకో టీ తగ్గించు. చివరి టీ మధ్యాహ్నం మూడు లోపల తాగేయ్. ఊరెళ్లిన రోజు కూడా అవే వేళలకి తాగు. తలనొప్పి మాత్ర కొనేముందు పట్టీ వెనక చదువు, కొన్నింటిలో కెఫీన్ కలిపి ఉంటుంది.

చదువు గురించి భయపడుతున్నావు కదా. ఒక రాత్రి మూడో కాఫీ తాగి కూడా మందు డోసు లెక్క రెండుసార్లు తప్పు వేశాను. పక్క సిస్టర్ చూసి ఆపింది. కళ్లు తెరిచే ఉన్నాయి, బుర్ర పనిచేయలేదు. ఆ వణుకు నాకు ఇప్పటికీ గుర్తుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి ఆ గంటన్నర నిద్ర పోగొట్టుకోకు.

తెనాలి_కాఫీపొడి:

మాది కాఫీ పొడి కొట్టు. అలవాటు చంపుకోలేకపోతే చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎక్కువున్న పొడి తీసుకోండి. చికోరీలో కెఫీన్ ఉండదు. ఎంత శాతం కలిపారో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. కాఫీ గింజల రకాల్లో రోబస్టా కన్నా అరబికాలో కెఫీన్ దాదాపు సగమే. మన అరకులో పండేది అరబికా.

అచ్చంపేట_కుర్రాడు:

పన్నెండు రోజులైంది. రాత్రి కాఫీలు మానేశాను, టీలు అయిదుకొచ్చాయి. మొదటి నాలుగు రోజులు తల బరువుగా ఉంది, మధ్యాహ్నం పాలిటీ పుస్తకం మీదే నిద్రపోయాను. ఇప్పుడు పన్నెండున్నరకి పడుకుంటే ఒంటిగంట లోపే నిద్ర పడుతోంది. నిన్న ఊరెళ్తే నొప్పి రాలేదు. అక్కా, ఇంకొక్కటి అడగాలి. అమ్మకి రక్తం తక్కువని ఐరన్ మాత్రలిచ్చారు. అన్నం తినగానే టీతో వేసుకుంటోంది. పర్వాలేదా?

రాత్రిడ్యూటీ_సిస్టర్:

వద్దు తమ్ముడూ, ఇవాళే ఫోన్ చేసి చెప్పు. ఇది కెఫీన్ పని కాదు, టీలో ఉండే టానిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. మాత్ర నిమ్మరసం నీళ్లతో వేసుకోమను. భోజనానికి గంట ముందు, గంట తరవాత టీ ముట్టుకోవద్దను. నీకు గుండె దడ ఇంకా ఉంటే ఒకసారి ఈసీజీ తీయించుకో.