మందిరంలో మనిషిని చూసి కుర్చీ వేసే ఈ బుద్ధి ఎలా పోతుంది?

అందరికీ వందనాలు. మాది విశాఖపట్నం, జాలారిపేట దగ్గర చిన్న క్రైస్తవ సంఘం, ఆదివారం ఆరాధనకి వచ్చినవాళ్లని కూర్చోబెట్టే పని నాది. మొన్న కారులో వచ్చిన ఒక కుటుంబానికి పరిగెత్తుకెళ్లి ఫ్యాన్ కింద కుర్చీలు వేశాను. వాళ్ల వెనకే, చేపల గంప బయట గోడ పక్కన దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చిన పెద్దమ్మకి మాత్రం చాప చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు, చెప్పులు విడిచే చోటు పక్కనే సర్దుకుని కూర్చుంది.

బైబిల్లోని యాకోబు పత్రిక (ఉత్తరం) 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు అని ఉంటుంది కదా, అచ్చం అదే చేశానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడేమో డబ్బున్నవాళ్లు కనిపిస్తేనే ముఖం తిప్పుకుంటున్నాను, అదీ తప్పే, బీదవాడని కూడా పక్షపాతం చూపొద్దని లేవీయకాండము 19:15లో ఉంది.

మీరు ఎలా మార్చుకున్నారు? ముందు వచ్చినవాళ్లకి ముందు కుర్చీ అంటే సరిపోతుందా, మరి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల సంగతి? పెద్దమ్మకి క్షమాపణ అందరి ముందు చెబితే ఆవిడే ఇబ్బంది పడుతుందేమో, ఇంటికెళ్లి చెప్పనా?