మంగళగిరి చేనేత చీరను గుర్తుపట్టడం ఎలా?

మా అమ్మ టీచర్. రోజూ కాటన్ చీరే కడుతుంది. ఆషాఢం డిస్కౌంట్లలో తెచ్చినవి నాలుగు ఉతుకులకే వెలిసిపోయాయి. అంచు ముడుచుకుపోయి కుచ్చిళ్లు కూడా నిలవడం లేదు. అందుకే ఈసారి అరడజను బదులు మంచి మంగళగిరి చేనేతవి రెండే కొందామనుకుంటున్నాం.

చిక్కల్లా మరమగ్గం చీరను చేనేత అని చెప్పి అమ్మితే ఎలా పసిగట్టాలన్నదే. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ చూడమన్నారు కొందరు. అంచుల వెంట సన్నటి సూది రంధ్రాలుంటే చేతిమగ్గం మీద నేసినదేనని ఇంకొకరన్నారు. ఆ గుర్తును నమ్మవచ్చా? రోజువారీ వాడకానికి 80 కౌంట్ (నూలు ఎంత సన్నదో చెప్పే అంకె) మేలా, 100 కౌంటా? 100 మెత్తగా, తేలిగ్గా ఉంటుంది సరే, మన్నుతుందా? ఆప్కోలో (చేనేత సహకార సంస్థ దుకాణంలో) కొనాలా, నేరుగా నేతన్నల దగ్గరకే వెళ్లాలా? డబ్బు నేసినవాళ్లకే చేరాలని అమ్మ పట్టుదల. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.