24 ఎంఎంలో గోడ వంగుతోంది: సాఫ్ట్‌వేరా, కొత్త లెన్సా?

ప్రశ్న: నెల్లూరు రంగనాథస్వామి గుడి గోపురాన్ని 24 ఎంఎం వైడ్ లెన్సుతో తీస్తే, ఫ్రేము అంచున గోడ విల్లులా వంగింది. మూలల్లో ఊదా గీత. లైట్‌రూమ్ (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్)లో లెన్సు లోపాల్ని సరిచేసే ప్రొఫైల్ చాలా, లెన్సు మార్చాలా?

జవాబు 1: వంపుకైతే ప్రొఫైల్ చాలు. కాకపోతే మూలల్ని సాగదీస్తుంది, అక్కడ పదును తగ్గుతుంది, అంచు కొంత తెగుతుంది. తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదలండి. ఇలాంటి లెన్సుల్లో వచ్చే మూలల చీకటిని కూడా 2 స్టాపులు (వెలుగు నాలుగు రెట్లు) లేపితే, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 100లో తీసిన ఫొటోలో మూల 400లా గరుగ్గా కనిపిస్తుంది.

జవాబు 2: ఊదా మూలల్లోనే ఉంటే తేలికే. ఎరుపు, నీలం చానెళ్ల (రంగు పొరల) సైజు సరిచేస్తే పోతుంది. ఫోకస్‌కు ముందు ఊదా, వెనక ఆకుపచ్చ వస్తే మాత్రం సాఫ్ట్‌వేర్ రంగు చెరుపుతుందే గానీ మసక పోదు. ఎఫ్8 పెట్టి (లెన్సు రంధ్రం చిన్నది చేసి) చూడండి. ఈ రంగు దోషాన్ని మొదట్లోనే తగ్గించేది ఈడీ గాజు (రంగుల్ని తక్కువగా విడదీసే గాజు) ఉన్న లెన్సు.

జవాబు 3: గోపురం ఎలాగూ పైకి సన్నమే. మరీ వెనక్కి వాలినట్టుంటే అది లెన్సు తప్పు కాదండీ, కెమెరా పైకెత్తడం. వెనక్కి జరిగి మట్టంగా పట్టండి.