అక్క మందులు వేరే ఏరియాలో కొనాలట. ఈ సిగ్గు ఎక్కడ్నుంచి వచ్చిందండీ?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ):
మా అక్కకి బైపోలార్ అనే మానసిక వ్యాధి. రెండేళ్లుగా మందులేసుకుంటోంది, ఉద్యోగానికి వెళ్తోంది, బానే ఉంది. కానీ అమ్మ మా వీధి మెడికల్ షాపులో ఆ టాబ్లెట్లు కొననివ్వదు, నేను బండేసుకుని గాజువాక వెళ్లి తేవాలి. తన షుగర్ మాత్రలు మాత్రం పక్కింటావిడతో తెప్పించుకుంటుంది. అడిగితే "తెలిస్తే చెల్లికి సంబంధాలు రావురా" అంటుంది. అక్కకి బాలేనప్పుడు నెలల తరబడి పక్కనే పడుకుంది అమ్మే, ప్రేమ లేక కాదు. మరి ఈ భయం ఎలా పుట్టింది?

జవాబు 1:
అమ్మగారిని ఏమీ అనకండి. "వీణ్ణి వాల్తేరు (అంటే అక్కడి పిచ్చాసుపత్రికి) పంపాలి" అని చిన్నప్పుడు స్కూల్లో మనమంతా అన్నవాళ్లమే కదా. చట్టం కూడా అలాగే చూసింది, 1912 లూనసీ యాక్ట్ ప్రకారం మెజిస్ట్రేట్ ఆర్డరిస్తే పిచ్చాసుపత్రి లోపల పెట్టేవాళ్లు, అంటే రోగానికి డాక్టర్ కన్నా ముందు పోలీసు, కోర్టు. అలాంటప్పుడు జనం నేరంలాగే చూస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మాత్రం పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలనేది హక్కు.

జవాబు 2:
దీన్లో భయం పాలు ఎక్కువండి. మంచివాళ్లకి చెడు జరగదని నమ్మితే మనకి ధైర్యంగా ఉంటుంది, మెల్విన్ లెర్నర్ అనే సైకాలజిస్ట్ దీని మీద చాలా పనిచేశారు. అందుకే ఎవరికైనా ఇలా వస్తే ఏదో కారణం వెతుకుతాం, పూర్వజన్మ పాపం, పెంపకం, మా ఊరి వైపైతే చిల్లంగి, అంటే చేతబడి. మా అత్త వరసావిడని ఆర్నెల్లు మంత్రగాళ్ల చుట్టూ తిప్పారు, ఇప్పటికీ తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఇంకోటి, ఈ మచ్చ ఇంట్లోవాళ్లకీ అంటుకుంటుందని గోఫ్‌మన్ అనే సోషియాలజిస్ట్ 1963లోనే రాశాడు, మీ చెల్లి సంబంధాల గొడవ అదే.

జవాబు 3:
నేనూ పదకొండేళ్లుగా బైపోలార్‌కి లిథియం అనే మందు వాడుతున్నా, టైముకి రక్త పరీక్ష చేయించుకుంటా, మా ఆఫీసులో ఒక్కళ్లకీ తెలీదు. రోడ్డు మీద తిరిగేవాళ్లే అందరికీ కనిపిస్తారు, బాగైనవాళ్లం దాక్కుంటాం, ఇక ఇది మందులతో అదుపులో ఉంటుందని జనానికి ఎలా తెలుస్తుంది? దాక్కోవడంలో నా తప్పూ ఉంది. అమ్మగారికి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి అమ్మకి మూడో జవాబు చదివి వినిపించానండి. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఆయనకి పెళ్లయిందా" అని అడిగింది.

జవాబు 3:
అయిందని చెప్పండి. చూపులప్పుడే చెప్పేశా, ఒక సంబంధం తప్పిపోయింది, రెండోవాళ్లు ఒప్పుకున్నారు. మా పాప ఇప్పుడు రెండో క్లాసు.