ఏంజెల్, గప్పీ చేపలు ఒకే ట్యాంకులో బతుకుతాయా?

అందరికీ నమస్కారం. మేము చెన్నైలో వేళచ్చేరిలో ఉంటాం. మా అమ్మాయి పుట్టినరోజుకని పెంపుడు చేపల షాపులుండే కొళత్తూరు వెళ్లి రెండడుగుల చేపల ట్యాంకు తెచ్చాను, 50 లీటర్ల దాకా పడుతుంది. షాపాయన "అన్నీ కలిసిపోతాయి సార్" అంటే నమ్మి 6 గప్పీలు, 4 టైగర్ బార్బ్‌లు, 2 చిన్న ఏంజెల్‌లు ఒకేసారి వేసేశాను. వారం తిరక్కుండానే గప్పీల తోకలు పీలికలయ్యాయి. ఏంజెల్‌ల పొడుగు రెక్కల్నీ బార్బ్‌లు వదలడం లేదు. ముందే నాలుగు విషయాలు తెలుసుకోవాల్సింది, తప్పు నాదే.

బార్బ్‌లను తిరిగిచ్చేస్తున్నాను, అది ఖాయం. ఏంజెల్‌లు పెద్దయితే చిన్న చేపల్ని మింగేస్తాయని, వాటికి ఎత్తున్న ట్యాంకు కావాలని ఇప్పుడు తెలిసింది. మాది అడుగెత్తే. వాటినీ ఇచ్చేయాలా, కొన్నాళ్లు ఉంచవచ్చా?

ఇంకొకటి. మా బోరు నీళ్లకి బకెట్లన్నీ తెల్లగా చారలు కట్టేస్తాయి. గప్పీలు, మోలీలు, ప్లాటీలకు ఇవి పర్వాలేదట. మా అమ్మాయి మనసేమో నియాన్ టెట్రాల మీద ఉంది, వాటికి మెత్తటి నీళ్లు (ఉప్పులు తక్కువున్నవి) కావాలి. క్యాన్ నీళ్లు (మేం తాగడానికి కొనేవే!) సగం కలిపితే సరిపోతుందా? అడుగున తిరిగే కోరిడోరాస్ ఓ 6 వేస్తే ఇరుకైపోతుందా? పెంచినవాళ్లు చెప్పండి.