మలేరియా స్లైడ్ చూసే పరికరానికి తక్కువ కరెంటు చిప్ ఏది?

అందరికీ నమస్కారం. మా అక్క పాడేరు ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్. తన కోసం మైక్రోస్కోప్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే భాగం) మీద అమర్చి, ఫొటోలో మలేరియా పరాన్నజీవిని ఏఐ మోడల్‌తో గుర్తుపట్టే కెమెరా పరికరం ఒకటి తయారు చేస్తున్నాను. వానాకాలంలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే బ్యాటరీ మీదే నడవాలి. మలేరియా లేదని చెప్పాలంటే థిక్ స్మియర్‌లో (స్లైడ్ మీద మందంగా పూసిన రక్తపు చుక్కలో) కనీసం 100 ఫీల్డ్‌లు (మైక్రోస్కోప్‌లో ఒకసారికి కనిపించే భాగాలు) చూడాలి. సాయంత్రానికి అక్క కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటాయి.

ప్రస్తుతం రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ వాడుతున్నాను. ఫలితం బాగానే ఉంది, కానీ పవర్ బ్యాంక్ మధ్యాహ్నానికే ఖాళీ. మాక్స్78000 అనే ఏఐ చిప్ చాలా తక్కువ కరెంటుతో నడుస్తుంది, అయితే మోడల్ వెయిట్స్‌కి (మోడల్ నేర్చుకున్న సంఖ్యలకి) అందులో 442 కేబీ చోటే ఉంది. ఫొటోని కుదిస్తే పరాన్నజీవి ఊదారంగు చుక్కగా మారి, స్టెయిన్ మరకల్లో కలిసిపోతోంది. ముక్కలు చేసి పంపితే ఒక్కో ఫీల్డ్‌కి చాలా సమయం పడుతోంది.

ముందు మామూలు థ్రెషోల్డింగ్‌తో (రంగు ముదురుని బట్టి వేరు చేయడంతో) అనుమానం ఉన్న చోట్లు ఏరి, వాటినే చిప్‌కి ఇవ్వడం ఎవరైనా చేసి చూశారా? మోడల్ వెయిట్స్‌ని 8 బిట్లకి కుదించాక తగ్గిన ఖచ్చితత్వాన్ని ఎలా సరిచేశారు? ఒక్క పాజిటివ్ జారిపోయినా ఆ జ్వరం మనిషి మందు లేకుండా కొండెక్కి ఇంటికి వెళ్లిపోతాడు. నా టెన్షన్ అంతా అదే. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.