విండోస్‌లో సిస్టమ్ ఫాంట్ మార్చాలా, వద్దా?

గోదారిగట్టు:
మా నాన్నగారికి డెబ్బై దాటాయి. ల్యాప్‌టాప్‌లో రోజూ పద్యాలు టైప్ చేసుకుంటారు, ఫోల్డర్ల పేర్లన్నీ తెలుగులోనే. ఆ అక్షరాలు చీమల బారులా ఉన్నాయని ఒకటే గొడవ. మండలి ఫాంట్ పెడదామంటే విండోస్ 11 సెట్టింగ్స్‌లో ఆ ఆప్షనే లేదు. విండోస్ 7లో ఉండేది కదా! విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో మార్చొచ్చంటున్నారు. మార్చమంటారా?

పాతమానిటర్:
వద్దండీ, చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి. విండోస్ వాడే సెగో యూఐ అనే ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు. తెలుగు కనబడిన చోటల్లా నిర్మల యూఐ అనే మరో ఫాంట్ నుంచి అరువు తెచ్చుకుంటుంది. రిజిస్ట్రీలో ఫాంట్‌సబ్‌స్టిట్యూట్స్ దగ్గర సెగో బదులు తెలుగు ఫాంట్ పేరు రాస్తే ఇంగ్లీషు కూడా దాంట్లోకే పోతుంది. పైగా మన అక్షరాలకి కింద చోటు ఎక్కువ కావాలి. నా సిస్టమ్‌లో ‘లక్ష్మి’ అనే ఫోల్డర్ పేరులో ఒత్తులు సగానికి తెగిపోయాయి. పాతది తిరిగి తెచ్చుకునేసరికి రాత్రి ఒంటిగంట.

అచ్చుతప్పు:
తెగిపోతే తప్పు ఎవరిది? వరుస ఎత్తుకి కొలత ఇంగ్లీషుని బట్టి పెట్టినవాళ్ళది. విండోస్ బదులు లినక్స్ వాడితే ఈ బాధ చాలావరకు లేదు. అక్కడ ఫాంట్ల సంగతి చూసే ఫాంట్‌కాన్ఫిగ్ ఫైల్లో ‘తెలుగుకి పోతన2000 వాడు’ అని నాలుగు వరుసలు రాస్తే చాలు, ఇంగ్లీషు జోలికి పోదు. మన కంప్యూటర్లో మన అక్షరం ఎలా ఉండాలో మనం చెప్పుకోలేకపోవడమేంటి?

పాతమానిటర్:
బాబూ, డెబ్బై ఏళ్ళాయనకి ఇప్పుడు లినక్స్ నేర్పిస్తావా? విండోస్ సెట్టింగ్స్‌లోనే యాక్సెసబిలిటీలో టెక్స్ట్ సైజ్ 225 శాతం దాకా పెరుగుతుంది. అది చాలు.

కాగితంపులి:
సైజు వేరు, రూపం వేరండీ. నేను డీటీపీ మనిషిని. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి ఫాంట్ చూసి అలవాటైన కంటికి విండోస్ 8 నుంచి వచ్చిన నిర్మల కొత్తగానే ఉంటుంది. గౌతమి, వాణి ఇప్పటికీ ఆప్షనల్ ఫీచర్స్‌లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ పేరుతో దొరుకుతాయి. కానీ దించుకున్నంత మాత్రాన ఫోల్డర్ల పేర్లు మారవు. నా మాటైతే సిస్టమ్‌ని వదిలేసి, ఆయన ఎక్కువసేపు చూసే చోట మార్చండి. ఫైర్‌ఫాక్స్‌లో ఫాంట్స్ అడ్వాన్స్‌డ్‌కి వెళ్ళి భాష తెలుగు ఎంచుకుంటే విడిగా ఫాంట్ పెట్టుకోవచ్చు. వర్డ్‌లో అయితే ఫాంట్ బాక్సులో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే గడి చూడండి, తెలుగుకి పనిచేసేది అదే. చాలామంది పై గడి మార్చి, ఏమీ మారలేదని తిట్టుకుంటారు.

అచ్చుతప్పు:
అంటే సర్దుకుపొమ్మంటారు. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాం.

గోదారిగట్టు:
వర్డ్‌లో మండలి పెట్టాను, టెక్స్ట్ సైజ్ 140 చేశాను. పద్యాలు బాగున్నాయన్నారు. ఫోల్డర్లు చూసి మాత్రం ‘పెద్దవయ్యాయి గానీ లావు కాలేదురా’ అన్నారు. రిజిస్ట్రీ ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచాను. ఆదివారం ఆయన గుడికెళ్ళాక ఒక్కసారి ప్రయత్నిస్తా.

పాతమానిటర్:
చెప్పినా వినరు కదా! రీస్టార్ట్ అయ్యాక ముందు ‘లక్ష్మి’ అని ఫోల్డర్ పెట్టి చూడండి.